ఇంటిమనిషి జీతం

ఒకటో తారీఖున జీతం కవర్ల మీద పేర్లు రాయడం సౌమ్య పని. రాత బాగుంటుందని ఆమె బావ డాక్టర్ సంజయ్ ఆ పని ఆమెకు అప్పగించాడు. మానుకోట స్టేషనుకు దగ్గరలో కింద దవాఖాన, పైన ఇల్లు. కింద పనిచేసే వాళ్లందరికీ నెల తిరిగేసరికి సౌమ్య చేతిరాతతో తమ పేరున్న కవరే అందాలి. రిసెప్షనులో కూర్చునే సనా, ఆయా సత్తమ్మ, వాచ్‌మన్ పెంటయ్య, ఇద్దరు నర్సులు. అందరికీ పంచి, పెన్ను మూత పెట్టి, ఆమె తన ల్యాబులోకి వెళ్లి సూది పట్టుకునేది. తన పేరుతో కూడా కవరు ఒకటి ఉండాలని ఆమెకు తోచలేదని కాదు. వడ్డించే మనిషి ఆఖరు పంక్తిలోనే కదా కూర్చునేది అని సర్దిచెప్పుకునేది. ఐదేళ్లయినా ఆ ఆఖరు పంక్తి మాత్రం రాలేదు.

ఆ రోజు కూడా కవర్లు పంచి వచ్చింది. వానలు వెనకబట్టి జ్వరాలు ముదిరిన కాలం. గూడూరు వైపు అడవి పల్లెల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు ల్యాబు ముందు బెంచీల మీద దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు. సౌమ్య ఒక్కొక్కరి జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో నరం కోసం వేలితో తడిమి, సూది దించింది. గొట్టం నిండగానే పట్టీ వదులు చేసి, దూది అద్ది, "చెయ్యి ముడువు, రుద్దకు" అని చెప్పింది. గొట్టం మీద పేరు అక్కడికక్కడే రాయాలి. తర్వాత రాద్దాంలే అనుకుంటే ముత్తయ్య జ్వరం మల్లయ్యకు అంటుకుంటుంది.

గాజు పలక మీద రక్తం చుక్క పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క లాగు లాగి పలచగా పరిచింది. ఆరాక దాని మీద రంగు పోసింది. ఆ రంగు పట్టేలోపు ఫోన్ చూసుకోవడం ఆమెకు అలవాటు. కెనడా నుంచి మెయిలు వచ్చి ఉంది.

శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఈ మెయిలు కోసమే చూస్తోంది. ఈ సంగతి మొదట తలకెత్తుకున్నది ఆమే గాని భర్త అమర్ కాదు. భూపాలపల్లిలో తనతో ల్యాబ్ కోర్సు చదివిన స్నేహితురాలు అక్కడికి వెళ్లి, ఎట్లా వెళ్లాలో చెప్పింది. వయసుకిన్ని పాయింట్లు, చదువుకిన్ని, ఇంగ్లీషు పరీక్షకిన్ని, చేసిన పనికిన్ని. ఏం పని చేస్తావు, వారానికి ఎన్ని గంటలు చేస్తావు, ఎన్నేళ్లుగా చేస్తున్నావు అని అడిగారు. పుట్టిల్లు టేకుమట్లలో గాని, మెట్టినింట్లో గాని ఈ ప్రశ్నలు ఆమెను ఎవ్వరూ అడగలేదు. ఆమె సగం మనసు ఆ ప్రశ్నల దగ్గరే కెనడాకు వెళ్లిపోయింది.

మెయిలు చదివింది. రెండోసారి చదివింది. మీరు ఐదేళ్లు నెల జీతం మీద పూర్తికాలం ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినట్టు లేఖ పెట్టారు. లేఖ మీద ఉన్న నంబరుకు ఢిల్లీలోని మా ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, మీరు అక్కడ జీతానికి పనిచేయడం లేదని చెప్పారు. జీతం లేని పని లెక్కకు రాదు. వారం లోపల వివరణ ఇవ్వండి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాక, ఐదేళ్లపాటు మళ్లీ పెట్టుకునే వీలుండదు. ఇదీ సారాంశం.

అప్పుడే గొట్టాలు తెచ్చిన సనా ఆమె ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది అక్కా? పరేషాన్ ఉన్నవ్?"

"దవాఖానకు ఫోన్ చేసి నా గురించి అడిగిండ్రట. ఎవరో నాకు జీతం లేదని చెప్పిండ్రు."

"యా అల్లా! ఫోన్ ఎత్తేది నేనే గదా. నాకైతే రాలే." సనా ఆలోచించి, "మధ్యాన్నం నేను తినొచ్చేటందుకు ఇంటికి పోత గదా అక్కా. గప్పుడు ఫోన్ పైన మోగుతది," అంది.

పైన మోగితే ఎత్తేది ఒక్కరే. సౌమ్య రంగు కడిగేసి, పలకను నిలబెట్టి, మెట్లెక్కింది.

అత్త రాజమణి వసారాలో కూర్చుని చాటలో పెసలు ఏరుతోంది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, నడుము నిటారుగా ఉంటుంది. సొంతూళ్లో భూమి ఇప్పుడు చాలావరకు కౌలుకు పోయింది గాని, ఆమె మాటలోని పటేలిరికం ఎవ్వరికీ కౌలుకు పోలేదు.

"అత్తమ్మా, దవాఖాన నంబరుకు నా గురించి ఎవరన్న ఫోన్ చేసిండ్రా?"

రాజమణి చాట ఆపింది. "చేసిండు. చెప్పుడే మర్చిన. ఢిల్లీకెల్లి అన్నడు ఎవడో. తెలుగే గని మన దిక్కోడు గాదు, మాటమాటకు అండి అంటడు. 'సౌమ్య గారు మీ దగ్గర జీతానికి ఉన్నారా అండి' అని అడిగిండు. నాకు ఒళ్లు మండింది."

"ఏమని చెప్పినవ్?"

"ఏమని చెప్త? మా కోడలికి జీతం ఉండే ఖర్మ ఏం పట్టింది అన్న. మా వాకిట్లనే నలుగురు జీతం ఉండేటోళ్లు, మేము ఒకరికి జీతం ఉండం అన్న. దవాఖాన మాది, ఆమె మా ఇంటిమనిషి, పొద్దుపోక కిందికి దిగి రెండు సూదులు గుచ్చి వస్తది, గంతే అన్న. మల్ల మాట్లాడకుంట పెట్టేసిండు." ఆమె ముఖంలో గెలిచిన తృప్తి ఉంది. "ఎవడు పిల్లా వాడు? ఏమన్న పెండ్లి సంబంధాలోడా?"

జీతం అనే మాట పట్నంలో ఒకటి, రాజమణి పెరిగిన వాకిట్లో ఇంకొకటి. అక్కడ జీతం ఉండటమంటే ఏడాదికిన్ని వడ్లని మాట్లాడుకుని ఒక ఇంటి గొడ్లకొట్టంలో పడి ఉండటం. తెల్లారకముందు పేడ తీయడం, పటేలు పిలిస్తే అన్నం ముందు నుంచి లేచి పోవడం. అందుకే కోడలు జీతానికి ఉందా అని పరాయివాడు అడిగితే, ఆమెకు తిట్టులా వినిపించింది. తిట్టిన వాడికి తగిన జవాబే చెప్పి కోడలి పరువు నిలబెట్టానని ఆమె నమ్మకం.

సౌమ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత కోపం వచ్చింది. చిత్రంగా ఆ కోపం జీతం మాట మీద కాదు, పొద్దుపోక అన్న మాట మీద. పొద్దున ఎనిమిదికి దిగితే పొద్దుగూకి, జ్వరాల కాలమైతే ఇంకా ఆలస్యంగా పైకొచ్చే తను, పొద్దుపోక దిగిందట. కాళ్లు వాచి రెండు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్న రోజులు ఈవిడ చూసినవే. అయినా ఏమనగలదు? మెట్లు దిగుతుంటే ఇంకో సంగతి తట్టింది. అత్త చెప్పినదాంట్లో, ఆ రెండు సూదుల ముక్క తప్ప, అబద్ధం ఏముంది?

సాయంత్రం అమర్ జనగామ నుంచి రైలు దిగి వచ్చేసరికి ఇల్లంతా వసారాలోనే ఉంది. అమర్ జనగామలో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు, రోజూ పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వస్తాడు. మెయిలు చదివి చెప్పులు విప్పకుండానే కూర్చుండిపోయాడు. సంజయ్ మాత్రం తొణకలేదు. రోగి ముందు ఎంత నింపాదిగా మాట్లాడతాడో అంత నింపాదిగా మాట్లాడాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకు? మా అమ్మ పెద్దమనిషి, మాట సమజ్ గాలేదని రాద్దాం. ఐదేండ్ల జీతం ఓచర్లు రాయిస్త, సౌమ్య సంతకాలు పెడతది. మల్ల ఫోన్ వస్తె అమ్మనే సక్కగ చెప్తది. అయిపాయె."

"అన్న చెప్పినట్టే చేద్దాం," అన్నాడు అమర్.

సంజయ్ భార్య రజిత గూడూరు దగ్గర సర్కారు బడిలో టీచరు. ఆమె నవ్వుతూ, "అత్తమ్మా, మరి నేను గూడ జీతం తీసుకుంట గదా. నన్నెన్నడు ఏమనకపోతివి," అంది.

"నీది నౌకరి బిడ్డా. నౌకరి వేరు, జీతం వేరు," అంది రాజమణి. అందరూ నవ్వారు. సౌమ్య కూడా నవ్వబోయింది గాని రాలేదు.

"బావా," అంది, "నేను ఐదేండ్లు చేసిన పని అబద్ధమా?"

"ఛ ఛ, ఎవరన్నరు?"

"మరి లేఖల రాసిన జీతం?"

సంజయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. డబ్బు లేని రోగి దగ్గర ఫీజు వదిలేసిన రోజులు ఆమె చూసింది. "గది కాగితం కోసరం రాసింది. నువ్వడిగితెనే గదా రాసిచ్చిన? మీ పాప స్కూల్ ఫీజు ఎవరు కడుతున్నరు? పండుగకు పబ్బానికి రజితకు తెచ్చిన చీరనే నీకు తెచ్చిన. నీకేం తక్కువ చేసినం సౌమ్యా?"

నిజంగానే దేనికీ తక్కువ చేయలేదు. లేఖ అడిగినది కూడా తనే. పని నిజం, గంటలు నిజం, జీతం ఒక్కటే నిజం కాదు, అది నా తప్పా అని ఆ రోజు తనకు తాను చెప్పుకుని, లేఖ స్కాన్ చేసి పెట్టింది. ఇప్పుడు ఒక్క లేఖ కాదు, ఐదేళ్ల ఓచర్లు. డిసెంబరులో పుట్టినరోజు దాటితే వయసు పాయింట్లు ఇంకొన్ని తగ్గుతాయి. ఐదేళ్లు వాకిలి మూసేస్తే ఇక ఆ పాయింట్ల మాటే ఉండదు. సంతకాలు పెట్టడమే తెలివైన పని అని ఆమెకూ తెలుసు.

మర్నాడు ఆదివారం, అమర్‌కు సెలవు. తల్లికి పాఠం చెప్పే పని పెట్టుకున్నాడు. సంజయ్ టీ తాగుతూ కుర్చీలో కూర్చున్నాడు. సౌమ్య గడప దగ్గర నిలబడి ఉల్లిగడ్డ తరుగుతోంది. పెంటయ్య పాల ప్యాకెట్లు తెచ్చి మెట్ల మీద పెట్టి, చిల్లర కోసం ఆగాడు.

"అమ్మా, జీతం అనకు. శాలరీ అను," అన్నాడు అమర్.

"శాలరి."

"గంతే. ఇగ నేను ఫోన్ చేసినట్టు." ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, సినిమాల్లో మన యాసను ఎక్కిరించిన వాళ్ల మీద బాకీ తీర్చుకుంటున్నట్టు గొంతు మార్చాడు. "హలో అండీ. సౌమ్య గారు మీ దగ్గర పనిచేస్తున్నారా అండీ?"

రాజమణి కొంగు సర్దుకుంది. "చేస్తున్నది."

"శాలరీ ఇస్తున్నారా అండీ?"

"ఇస్తున్నం. శాలరి." కొత్తగా కట్టించుకున్న పళ్లసెట్టులా ఆ మాట ఆమె నోట్లో కుదురుకోవడం లేదు.

"ఎంత అండీ?"

"పద్దెనిమిది వేలు." అది సంజయ్ చెప్పిచ్చిన అంకె.

"భలే చెప్పారండీ. ఎవరి చేతికి ఇస్తున్నారండీ?"

ఈ ప్రశ్న పాఠంలో లేదు. అమర్ వేషం కుదిరిన ఉత్సాహంలో అడిగేశాడు. రాజమణి వెంటనే పెద్దకొడుకు వైపు తిరిగింది. "ఎవరి చేతికి?"

"సౌమ్య చేతికే అని చెప్పు," అన్నాడు సంజయ్.

"ఎవరిస్తరు? నువ్వా?"

"నేనే."

"ఇచ్చినవా?"

"అమ్మా, ఫోన్ల చెప్పేటందుకు..."

"ఫోన్ పక్కకు పెట్టు. నువ్వు ఇచ్చినవా, ఇయ్యలేదా?"

సంజయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంటిమనిషికి జీతమేందమ్మా?"

"గదే ముచ్చట నేను ఫోన్ల అంటె తప్పంటిరి గదరా మీరంత!"

అమర్ ఫోన్ చెవి దగ్గర నుంచి మెల్లగా దించాడు. రాజమణికి నిజంగానే అర్థం కాలేదు. తను అన్న మాటే కొడుకు అంటే న్యాయం ఎట్లా అయింది, తను అంటే తప్పు ఎట్లా అయింది? ఆ చిక్కుముడి ఆమె నుదుటి మీద కనిపిస్తోంది. చూపు తిరిగి తిరిగి మెట్ల మీద నిలబడ్డ పెంటయ్య దగ్గర ఆగింది. అతను పదేళ్ల వయసు నుంచి వాళ్ల ఊరింట్లో జీతం ఉన్నవాడు. మోకాళ్లు అరిగాక సంజయ్ అతన్ని వాచ్‌మన్‌ని చేశాడు.

"పెంటయ్యా, నువ్వు మా కాడ జీతం ఉన్నప్పుడు నీకు ఏమిస్తుంటిమి?"

"ఇప్పుడెందుకు పటేలమ్మా గా ముచ్చట?"

"చెప్పు."

"వడ్లు ఇచ్చిండ్రు. పండుగకు దోతి, అంగి."

"కొలిచే ఇచ్చినమా?"

"కొలిచే ఇచ్చిండ్రు," అన్నాడు పెంటయ్య. ఒక క్షణం ఆగి, "కుంచం సంగతి దేవునికెరుక," అని చేర్చాడు.

ఇంకో రోజైతే ఆ కుంచం మాటకు రాజమణి అతన్ని మెట్లు దిగేదాకా తిట్టేది. ఈసారి ఆ మాట పట్టించుకోలేదు. కోడలి చేతుల వైపు చూస్తోంది. ఉల్లిగడ్డ తరిగే ఆ వేళ్ల కొసల మీద ల్యాబు రంగు మరకలు ఊదాగా పట్టుకుని ఉన్నాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు.

"జీతం ఉన్నోనికి వడ్లు కొలిచినం, బట్టలు పెట్టినం," అంది మెల్లగా. "ఈ పిల్లకు బట్టలొక్కటే పెట్టినం."

సౌమ్య కత్తి ఆగింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఉల్లిగడ్డ చేతిలో ఉంది కాబట్టి ఎవ్వరికీ జవాబు చెప్పాల్సిన అవసరం పడలేదు.

"నాతోని గాదురా," అంటూ రాజమణి లేచింది. "ఇయ్యనిది ఇచ్చినమని చెప్పుకునే ఇల్లు గాదు మనది. ఇచ్చినంక అడుగు, చెప్త."

సంజయ్‌కు కోపం వచ్చింది. "అయితె నీ కోడలు కెనడా పోయినట్టే! ఇంత చదివి, పరీక్షలు రాసి... సౌమ్యా, నువ్వన్న చెప్పు అత్తకు."

అందరి కళ్లూ తన మీద పడ్డాయి. ఒక్క మాట చాలు. అత్తమ్మా, నా కోసరం ఈ ఒక్కసారి చెప్పు అంటే రాజమణి చెబుతుంది. ఎంత పటేలిరికం ఉన్నా కోడలి మాట తీసేయదు. ఆ మాట సౌమ్య నాలుక చివర దాకా వచ్చింది. వచ్చింది గాని, ఐదేళ్లుగా పొద్దుపోక దిగిన మనిషి అని వినడం ఎంత మండించిందో, ఇచ్చినం తీసుకున్నది అని వినడం అంతకంటే మండిస్తుందని ఆ నిమిషానే ఆమెకు తెలిసింది. దొంగ ఓచర్ల మీద సంతకం పెట్టేది తనే. ఆ సంతకంతో బావ బాకీ కూడా తీరిపోయినట్టే.

"కెనడా నాది బావా," అంది. "జవాబు నేను రాస్త."

సోమవారం బెంచీలు మళ్లీ నిండాయి. పలకలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి రంగు పోసి, ఆ రంగు పట్టే వ్యవధుల్లో ఫోన్‌లో కొంచెం కొంచెంగా రాసింది. నేను ఐదేళ్లు ఈ ల్యాబులో పనిచేసిన మాట నిజం. నాకు జీతం ఇవ్వని మాట కూడా నిజం. లేఖలో జీతం రాయించుకోవడం నా తప్పు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంటిమనిషి అన్న మాటకు ఇంగ్లీషులో ఏం రాయాలో ఎంత ఆలోచించినా దొరకక, ఆ వాక్యం తీసేసింది.

జనగామ నుంచి అమర్ ఫోన్ చేశాడు. "ఇంకా దినాలున్నయ్ సౌమ్యా. అన్న కోపంల అన్నడు గని ఓచర్లు రాయిస్తనంటుండు. జర ఆలోచించు."

"నేను చేసిన పని నిజం. దాంట్ల అబద్ధం ఎందుకు కలుపుకోవాలె?"

"మరి పాయింట్లు? ఐదేండ్లు ఆపుతమని రాసిండ్రు గదా."

"ఆపితె ఆపనీ. ఆపకుంటె, జీతం మీద ఒక్క ఏడాది చేసినా మల్ల పెట్టుకోవచ్చు. పాయింట్లు తగ్గుతయ్, తగ్గనీ." తర్వాత, మందులచీటీ మీదిది చదివినంత మామూలుగా అడిగింది. "మీ షోరూంకు పోయే బాట్ల ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉన్నది గదా, టెక్నీషియన్ కావాలె అని బోర్డు పెట్టిండ్రన్నవ్. ఇంకా ఉన్నదా?"

అమర్ వెనక ట్రాక్టరు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. "ఉన్నది," అన్నాడు. "పొద్దుగాల కూడ చూసిన."

ఫోన్ పెట్టేసి, జవాబు పంపించింది. పంపించాక ఏడుపు ఆగలేదు. సనా వచ్చి ఏమీ అడగకుండా తలుపు దగ్గరకు వేసి, బయట బెంచీల వాళ్లతో "జర ఆగుండ్రి, మేడం సూది మారుస్తుంది" అని చెప్పింది. కాసేపటికి సౌమ్య కళ్లు తుడుచుకుని, పలక మీద నూనెచుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గూడూరు ముసలాయన రక్తంలో మలేరియా ఉంది. రిపోర్టు రాసి బావ గదికి పంపింది.

గురువారం ఆమె అమర్‌తో పాటు పొద్దున బండి ఎక్కింది. సెంటరు యజమాని నడివయసు మనిషి, మాటలు తక్కువ. "ఇంతకుముందు ఎక్కడ జేసిండ్రమ్మా?" అని అడిగాడు.

"మా బావ దవాఖానల. ఐదేండ్లు."

"అక్కడ ఎంతిస్తుండిరి?"

"ఇయ్యలేదు." సిగ్గుపడకుండా చెప్పడానికి కొంచెం కష్టపడింది. "మీరు ఎంతిస్తరు? నెలనెలా బ్యాంకుల వేస్తరా? చేరినట్టు కాగితం ఇస్తరా?"

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, వేస్తామన్నాడు, ఇస్తామన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పినప్పుడు సంజయ్ ముఖం మాడ్చుకున్నాడు. "ఇంట్ల ల్యాబ్ పెట్టుకొని బయట చేస్తవా? నలుగురు ఏమంటరు?" అన్నాడు. రాజమణి సోమవారం పొద్దున్నే లేచి, పెసరట్టు పోసి, రెండు డబ్బాల్లో సర్ది, ఒకటి కొడుకు చేతికి, ఒకటి కోడలి చేతికి ఇచ్చింది. చిన్నకొడుకు డబ్బా ఐదేళ్లుగా సౌమ్యే కట్టేది.

ల్యాబు ఖాళీగా ఉంటే దవాఖాన నడవదు. అదే వారం సంజయ్ వరంగల్ నుంచి సంపత్ అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. అతను చేరిన రోజే జీతం మాట్లాడుకుని, సగం ముందుగా ఇమ్మన్నాడట. సంజయ్ ఇచ్చాడు. ఐదేళ్లు ఆ ల్యాబులో లేని జీతం సంపత్ కుర్చీలో కూర్చోగానే పుట్టుకొచ్చింది. సనా ఈ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు సౌమ్య రైలులో ఉంది. కోపం వచ్చింది, దాచుకోలేదు. అమర్‌కు చెప్పింది. "నేను అప్పుడే అడగాలె ఉండె," అన్నాడు. ఆ మాట ఐదేళ్లు ఆలస్యంగా వచ్చినా వచ్చింది.

కెనడా నుంచి జవాబు వచ్చింది. దరఖాస్తు వెనక్కి తీసుకున్నందున మూసేశామని రెండు వాక్యాలు. ఐదేళ్ల మాట ఎక్కడైనా ఉందా అని సౌమ్య పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. లేదు. ఫోన్ సంచిలో పెట్టుకుని, జనగామ స్టేషనులో దిగి నడిచింది.

ఒక సాయంత్రం రాజమణి పినతల్లి కూతురు గూడూరు నుంచి షుగరు పరీక్షకు వచ్చింది. చెయ్యి ముడుచుకుని దూది నొక్కుకుంటూ మెట్లెక్కి, వసారాలో కూలబడింది. కింద పెంటయ్య గేటు పక్కన చీపురుతో ఆకులు పోగుచేస్తున్నాడు.

"ఎవడక్కా కింద కొత్తోడు? రెండుమార్ల గుచ్చిండు, నరం దొరకలే వానికి. నీ చిన్నకోడలైతె సూది దిగింది తెల్వకపోయేది. ఏది, కనబడదు? పుట్టింటికి పోయిందా?"

రాజమణి చాటలో చెయ్యి ఆపలేదు. "లేదు. జనగాంల జీతం ఉన్నది."

చెల్లెలు దూది నొక్కడం మర్చిపోయింది. "ఏమంటున్నవక్కా? జీతమా? మనింటి కోడలా?" గొంతు తగ్గించి, "నౌకరి అనరాదె. ఎవరన్న వింటరు," అంది.

"విననీ. జీతమే. పనిజేస్తె నెలనెలా ఇస్తరు, ఆమె పేరు మీద." రాజమణి ఒక రాయి ఏరి అవతలకు విసిరింది. "మేము ఇయ్యలే. వాళ్లిస్తున్నరు."

కింద చీపురు చప్పుడు ఆగి, పెంటయ్య నవ్వు వినిపించింది. దూరంగా స్టేషనులో బండి కూత వినిపించింది. రాజమణి చాట పక్కన పెట్టి, పిట్టగోడ మీదుగా కిందికి వంగింది.

"పెంటయ్యా, నవ్వుడు ఆపి గేటు తియ్యి. నా కోడలు పనికెల్లి వస్తున్నది."